మా నాన్న మింగేసిన తిట్టు

మా నాన్న నోట ‘వెధవ’ లేకుండా వాక్యం పూర్తయ్యేది కాదు. వెధవ మోటారు, వెధవ కరెంటు, వెధవ వాన. మిగిలిందంతా నాకు. ఇంట్లో ఆ పిలుపు తప్పించుకున్న మగాడు మా బావ ఒక్కడే. అల్లుడు కాబట్టి ‘గారు’ తగిలించేవాడు.

ఒంగోలులో తెలుగు ఎమ్మే చదివేటప్పుడు, ఆ మాట ‘విధవ’ నుంచి వచ్చిందని తెలిసింది. మొగుడు పోయిన ఆడమనిషి. దుఃఖం ఆడవాళ్లది, తిట్టు మాత్రం మగాళ్లకు. నా చదువు ఇంటికి తెచ్చిన ఆదాయం అదొక్కటే కాబట్టి, అన్నాల దగ్గర అందరికీ వడ్డించాను.

“నాన్నా, రోజూ నన్ను మొగుడు పోయినదానా అంటున్నావు, తెలుసా?”

“నీకు మొగుడెవడ్రా, వెధవా!”

నవ్వి నవ్వి అక్కకి పొలమారింది. బావ ఆమె నెత్తి మీద తట్టాడు.

మరుసటేడు మిరప కోతలప్పుడు, అద్దంకి రోడ్డు మీద పత్తి లారీ బావ బండిని గుద్దింది. బావ పోయాడు. అక్క మా ఇంటికి వచ్చేసింది.

ఆ రోజు నుంచి నాన్న నోట ఆ మాట లేదు. మోటారు ఆగిపోతే దాని వంక చూసి ఊరుకునేవాడు. నన్ను పేరుపెట్టి పిలిచేవాడు. ఇంకెవరినో అనుకుని నేను పలికేవాణ్ణి కాదు.

“నాన్న నన్ను చూసి నోరు కుట్టేసుకున్నాడురా,” అంది అక్క. “ఇంట్లో రోజూ దినమే అన్నట్టుంది. మామూలుగా ఎప్పుడుంటాడో!”

మొన్న మార్చిలో, కళ్లంలో కాయలు ఎండుతుండగా పర్చూరు వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. పనివాళ్లు పట్టా కొసలు పట్టుకుని కబుర్లలో పడ్డారు.

“ఒరేయ్, వె...” అన్నాడు నాన్న. అక్క కనబడింది. అక్కడే ఆగిపోయాడు. చినుకులు మొదలయ్యాయి. ఆయన నోరు ఇంకా తెరుచుకునే ఉంది.

“లాగండ్రా, వెధవల్లారా!”

అరిచింది అక్క. అచ్చం నాన్న గొంతే. పట్టా క్షణంలో కాయల్ని కప్పేసింది.

“అనొచ్చు నాన్నా,” అంది నెమ్మదిగా. “నువ్వు అనకపోతే మాత్రం ఆయన వస్తాడా?”

నాన్న రాశి పక్కన కూలబడి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. “ఘాటు,” అన్నాడు. మిరప కళ్లంలో అదొక సౌకర్యం, ఎంత ఏడ్చినా కారణం ఎవరూ అడగరు. అక్క పక్కన కూర్చుని, పొలమారినవాళ్లకి తట్టినట్టు ఆయన నెత్తి మీద తట్టింది.

నన్ను ఇప్పటికీ పేరుపెట్టే పిలుస్తున్నాడు. ఈమధ్య పలుకుతున్నాను.