క్యాన్‌లో దొరికిన క్లోరైడ్

మా కెమిస్ట్రీ ప్రొఫెసర్‌గారికి ఆడపిల్లల మీద కోపం లేదు. ఆరింటి బస్సు మీద కోపం. ఎనభైల్లో నేను ఎమ్మెస్సీలో చేరినప్పుడు, మొదటి ల్యాబ్ క్లాసులో ఆయన నోటివెంట వచ్చిన మొదటి మాటలు యాసిడ్ల గురించీ కాదు, గాజు సామాను గురించీ కాదు. బస్సు గురించి.

ప్రతి ఏడూ ఫస్టియర్ ప్రాక్టికల్ పరీక్షలో అందరికన్నా బాగా చేసిన ఒక్కరిని ఆయన తన సొంత ల్యాబ్‌లోకి తీసుకునేవారు. రెండో ఏడు ప్రాజెక్టు అక్కడే, ఆ తర్వాత రీసెర్చి కూడా ఆయన దగ్గరే. ఆ సంగతి చెప్పి, ముందు వరసలో కూర్చున్న మా నలుగురు అమ్మాయిల వైపు తిరిగి, "మీరు మాత్రం ఆశలు పెట్టుకోకండమ్మా. నా ల్యాబ్‌లో పని ఎప్పుడు తెములుతుందో నాకే తెలీదు. మీకేమో ఆరింటికల్లా బస్సు" అన్నారు. వెనక మగపిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు, నిజంగానే జాలిపడ్డారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎగతాళి చేసి ఉంటే ఊరుకునేదాన్నేమో, ఆ జాలిని మాత్రం భరించలేకపోయాను. ఆ సీటు నాదే అని అక్కడే, ఆ బల్ల ముందే అనుకున్నాను.

మాది కనిగిరి వైపు మెట్ట ఊరు. నాన్న మిషన్ స్కూల్లో టీచరు. అమ్మ ఇల్లు చూసుకుంటూ, మిరపకోతలప్పుడు చేలోకి వెళ్ళేది. నేను గుంటూరులో పిన్నివాళ్ళింట్లో ఉండి చదువుకున్నాను. మిర్చి యార్డుకి దగ్గర ఇల్లు కావడంతో ఫిబ్రవరి మొదలుకొని వేసవి దాకా తుమ్ములే తుమ్ములు. యూనివర్సిటీ ఊరికి దూరంగా హైవే పక్కన ఉండేది. పొద్దున ఒక బస్సు తీసుకెళ్ళేది, సాయంత్రం ఆరింటికి ఒకటి వెనక్కి తెచ్చేది. అది తప్పిపోతే లారీ ఆపుకుని రావాల్సిందే. అలా వచ్చానంటే పిన్ని నా కాళ్ళు విరగ్గొట్టేది. కాబట్టి ప్రొఫెసర్‌గారి మాటలో అబద్ధం లేదు, అదే నా కోపాన్ని ఇంకా పెంచింది.

ఆయన పద్ధతి వేరు. తెలియని లవణాల పొడి ఒక కాగితం పొట్లంలో ఇచ్చి, అందులో ఏమేం ఉన్నాయో కనిపెట్టమనడం ఏ ల్యాబ్‌లోనైనా ఉన్నదే. మిగతా లెక్చరర్లు అందులో ఎన్ని ఉన్నాయో ముందే చెప్పేవారు. నాలుగని తెలిస్తే నాలుగు దొరికేదాకా వెతికి ఆపేయొచ్చు. ఈయన చెప్పేవారు కాదు. "నీకు కనబడినన్ని" అనేవారు. ఇంకోమాట కూడా ఎప్పుడూ అనేవారు: "చూసింది రాయండి. రాయాల్సింది చూడకండి." మా వాళ్ళు రెండోదే ఎక్కువ చేసేవారు. పొడి రంగు చూసి, పక్కవాడి ముఖం చూసి ఫలితం ముందు తేల్చేసేవాళ్ళు. తర్వాత తీరిగ్గా కూర్చుని దానికి తగ్గట్టు పరీక్షలన్నీ చేసినట్టు రాసేవాళ్ళు. దానికి మేం పెట్టుకున్న పేరు 'వంట'. "ఇవాళ వంటయిందా?" అంటే "తాలింపే మిగిలింది" అని జవాబు.

నేను వంట చేయలేదు. మంచిదాన్నయి కాదు. ఆయన ఎప్పుడు నా వెనక నిలబడతారో, ఎప్పుడు "చూపించు" అంటారో తెలియదు. ఆయనకి నన్ను తప్పుపట్టే అవకాశం ఇవ్వకూడదని నా పంతం.

పరీక్ష ఏప్రిల్లో వచ్చింది. ఆ రోజు తెల్లవారకముందే కరెంటు పోయింది. ఫ్యాన్లు లేవు. కిటికీలు తెరిస్తే వేడిగాలి, మూస్తే అమ్మోనియా. డిస్టిల్డ్ వాటర్ తయారుచేసే యంత్రం కరెంటు మీద నడిచేది. పొడిని కరిగించడానికీ పరీక్షనాళికలు కడగడానికీ మేం వాడాల్సింది ఆ నీళ్ళే. నీళ్ళలో ఏ ఉప్పూ లేకపోతేనే పొడిలో ఏముందో తెలుస్తుంది. అయినా మేం లోపలికి వెళ్ళేసరికి బల్ల చివర తెల్ల ప్లాస్టిక్ క్యాన్ ఎప్పటిలాగే నిండుగా ఉంది. ఎవరం ఏమీ అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

మధ్యాహ్నానికి నా పని సగం పైగా అయింది. జింకు దొరికింది. అమ్మోనియం దాచినా దాగేది కాదు, ముక్కు చెప్పేసింది. నైట్రేటుకి గోధుమరంగు ఉంగరం చక్కగా వచ్చింది, సల్ఫేటూ వచ్చింది. ఆఖరికి క్లోరైడ్ ఉందేమోనని సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు వేశాను. తెల్లగా అయింది.

అప్పటికే గదంతా గుసగుసలు. "నాకు క్లోరైడ్", "నాకూ", "నాక్కూడానే". నేనూ క్లోరైడ్ అని రాయబోయి ఆగాను. క్లోరైడ్ ఉంటే పెరుగు విరిగినట్టు ముద్దగా అడుక్కి దిగాలి. నా నాళికలో ఉన్నది వట్టి మసక. బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. కలం పట్టి క్లోరైడ్ అని రాస్తే, చూసింది రాసినట్టా, రాయాల్సింది చూసినట్టా? ఆయన మాట ఆయన లేకుండానే నా చెవిలో మోగింది, చిరాకేసింది.

అప్పుడు క్యాన్ వైపు చూశాను. నిన్న సాయంత్రం నేనే దాన్ని వంచి ఆఖరి నీళ్ళు పట్టుకున్నాను. పొద్దున్నించీ కరెంటు లేదు. మరి ఎలా నిండింది?

మా ఊళ్ళో కొత్త బోరు వేస్తే అమ్మ నోట్లో పోసుకుని చూసేది కాదు. రుచి మోసం చేస్తుంది, దాహం మీద ఏ నీళ్ళయినా తియ్యగానే ఉంటాయి అనేది. కాసిని నీళ్ళు తెచ్చి గుమ్మం ముందు నల్లరాతి మీద పోసి ఎండనిచ్చేది. తెల్లమచ్చ మిగిలితే ఆ నీళ్ళు బట్టలకీ గేదెలకీ. మచ్చ పలచగా ఉంటే తాగడానికి. చిన్నప్పటినుంచీ నేను ఆ రాయి చుట్టూ తిరిగినదాన్నే. క్యాన్ నీళ్ళు కాసిని గాజుపళ్ళెంలో పోసి మంట మీద ఆరనిచ్చాను. నీళ్ళు పోయాయి. పళ్ళెం మీద సన్నగా తెల్లటి వలయం మిగిలింది. ఇంకో నాళికలో వట్టి క్యాన్ నీళ్ళే పోసి సిల్వర్ నైట్రేట్ వేశాను. అదే మసక.

నాకు నవ్వాగలేదు. పరీక్షహాల్లో ఒక్కదాన్నే నోరు మూసుకుని నవ్వాను.

ల్యాబ్ అటెండర్ని పక్కకి పిలిచి అడిగాను. "క్యాన్‌లో ఏం నీళ్ళు పోశావు బాబాయ్?" ఆయన గర్వంగా, "కాలవ నీళ్ళ ట్యాంకులోయమ్మా. పరీక్షలు కదా, బోరు నీళ్ళు పోస్తానా? తాగేయే, మంచియ్యి" అన్నాడు. ఆయన్నేమనగలను? మా వైపు నీళ్ళు రెండే రకాలు, ఉప్పువి, మంచివి. ఆయన మాకోసం మంచివే వెతికి మోసుకొచ్చాడు. ఏమీ లేని నీళ్ళు అనే మూడో రకం ఉంటుందని మా ఊళ్ళో చెప్పినా నమ్మరు.

ప్రొఫెసర్‌గారికి చెబుదామంటే ఆయన అక్కడ లేరు, పరీక్షకని బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎగ్జామినర్‌గారితో భోజనానికి వెళ్ళారు. కరెంటు లేకపోయినా గ్యాస్ ఉంది. ఒక ఫ్లాస్కులో క్యాన్ నీళ్ళు పోసి, బిరడాకి వంచిన గాజుగొట్టం బిగించి, గొట్టం రెండో కొసని తడిగుడ్డ చుట్టిన పెద్ద నాళికలో దించి, కింద బర్నర్ వెలిగించాను. ఆవిరి లేచి, గొట్టంలో చల్లబడి, చుక్క చుక్కగా దిగడం మొదలైంది. టైము మాత్రం చుక్కల్లో పోవడం లేదు. ఇది తప్పయితే సీటు పోతుంది. పైగా ఏడాదంతా ఆరింటి బస్సు అమ్మాయి అతితెలివికి పోయిందని చెప్పుకుంటారు.

పక్క బల్ల అబ్బాయి తొంగిచూశాడు. "ఏంటి తల్లీ, సారా కాస్తున్నావా?"

"అవును, నీకు పోయను."

"ఒరేయ్, ఇక్కడ బట్టీ పెట్టార్రా!" అని వాడు అరవడం, గదంతా ఘొల్లుమనడం. నేను గొట్టం చుట్టూ గుడ్డ తడుపుకుంటూ కూర్చున్నాను. వాళ్ళందరి కాగితాల మీదా క్లోరైడ్ ఉంది, ఎంత నవ్వినా ఉంది.

మొదట దిగిన నీళ్ళతో నాళికలు కడిగాను. తర్వాత దిగినవాటిలో సిల్వర్ నైట్రేట్ వేశాను. అద్దంలా ఉంది. మిగిలిన పొడిని ఆ నీళ్ళలో కరిగించి మళ్ళీ వేశాను. నాళికని కిటికీ వెలుగులోకి ఎత్తిపట్టుకున్నాను. మసక లేదు, ముద్ద లేదు. ఏమీ లేదు. నా పొడిలో క్లోరైడ్ లేదు. కాగితం మీద నాలుగే రాసి, కింద గీత గట్టిగా కొట్టాను. వట్టి క్యాన్ నీళ్ళది, కాచిన నీళ్ళది, ఆ నీళ్ళలో పొడి కరిగించినది, మూడు నాళికల్నీ స్టాండులో వరసగా పెట్టాను.

ఎగ్జామినర్‌గారు కాగితాలు తిరగేస్తూ, "అందరూ క్లోరైడ్ రాశారు. ఈ అమ్మాయి ఒక్కతే వదిలేసింది" అన్నారు నవ్వుతూ. అవును మరి, నవ్వడానికి ఆ రోజు అందరికీ నేనే దొరికాను. ప్రొఫెసర్‌గారు మాత్రం నవ్వలేదు. ఆయన మా పొట్లాలు తనే కలిపారు, ఎవరి పొట్లంలో ఏముందో ఆయనకి తెలుసు, క్లోరైడ్ వేసింది కొన్నింట్లోనే. అందరికీ ఎలా వచ్చిందో ఆయనకి అంతుపట్టక మొహం ఎర్రగా ఉంది. నన్ను పిలిచారు.

"క్లోరైడ్ ఏదమ్మా?"

"క్యాన్‌లో ఉందండి."

"ఏమిటీ?"

"నా పొడిలో లేదండి సార్. మీ క్యాన్‌లో ఉంది."

అది కొంచెం తలపొగరుగానే వచ్చింది, వెనక్కి తీసుకోవాలని కూడా నాకు అనిపించలేదు. ఆయన నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చారు. మొదటి నాళిక ఎత్తి చూశారు, రెండోది చూశారు, మూడోదాన్ని వెలుగుకి పెట్టి చాలాసేపు చూశారు. గాజుపళ్ళెం మీది తెల్లవలయాన్ని వేలితో తాకారు. తర్వాత తనే క్యాన్ దగ్గరికెళ్ళి నీళ్ళు పట్టి, తన చేత్తో సిల్వర్ నైట్రేట్ వేసి, మసక చూసి, క్యాన్‌ని ఎత్తి మొత్తం సింకులో కుమ్మరించారు.

"అందరూ బర్నర్లు వెలిగించండి" అన్నారు. "ఆ అమ్మాయి చేసినట్టు నీళ్ళు కాచుకోండి. క్లోరైడ్ మళ్ళీ చూడండి. టైము నేనిస్తాను."

బల్లబల్లకీ ఫ్లాస్కులు ఎక్కాయి. గదంతా బుడబుడలు. నేను చేతులు కట్టుకుని పక్క బల్ల దాకా నడిచాను. "ఏరా, సారా దిగిందా?" అన్నాను. వాడు చెమట తుడుచుకుంటూ రెండు చేతులూ జోడించాడు. నా జీవితంలో అంత తియ్యగా ఏ మాటా అనలేదు.

ఆ వారం ఇంటికి వెళ్తూ, నేను కాచిన నీళ్ళు ఒక చిన్న సీసాలో తీసుకెళ్ళాను. అమ్మ మూత తీసి వాసన చూసింది. "ఇందులో ఏముందే?"

"ఏమీ లేదమ్మా."

"ఏమీ లేకుండా చేయడానికా ఇంత చదువు?" అంది. అయినా సీసా వదల్లేదు. గుమ్మం ముందుకెళ్ళి నల్లరాతిని కొంగుతో తుడిచి, దానిమీద కాసిని పోసింది. ఎండ చురచురలాడుతోంది, చూస్తూండగానే ఆరిపోయింది. అమ్మ వంగి, ఇటునుంచి చూసి, అటునుంచి చూసి, "మచ్చ లేదే!" అని పక్కింటావిణ్ణి కేకేసింది. సాయంత్రానికి వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి ఆ రాతిని చూసిపోయారు. నాన్న వరండాలో కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళకీ "మా అమ్మాయి చేసింది" అని చెప్పారు. మా ఇంట్లో డిగ్రీ వచ్చిన రోజు కూడా అంత సంబరం జరగలేదు.

సెలవులయ్యాక నోటీసు బోర్డులో ప్రొఫెసర్‌గారి ల్యాబ్‌కి ఎంపికైనవారి పేరు పెట్టారు. నాదే. చూశాను, మళ్ళీ చూశాను, ఎవరూ లేనప్పుడు ఇంకోసారి వెళ్ళి చూశాను.

మొదటి రోజు ఆయన ల్యాబ్‌లోకి భయంభయంగానే వెళ్ళాను. సీటు గెలిచాను సరే, బస్సు మాటేమిటి? ఆ బస్సు ఇంకా ఆరింటికే ఉంది. ఆయన బస్సు ఊసెత్తలేదు. ముందు నీళ్ళు పరీక్ష చేయమన్నారు, చేశాను. తర్వాత ఒక స్ఫటికాల పని అప్పగించారు. మధ్యాహ్నం నుంచి ఇద్దరం తలెత్తలేదు. గిన్నెలో ద్రావణం చిక్కబడుతోంది, అంచున మొదటి స్ఫటికం ఇప్పుడో ఇంకాసేపట్లోనో కనబడాలి. గడియారం వైపు చూడకూడదని ఒట్టు పెట్టుకుని కూర్చున్నాను. ఆయన కుర్చీ చప్పుడైంది. చెయ్యి చాచి నా గిన్నె కింద మంట తనే ఆర్పేశారు.

"ఇంకా స్ఫటికం రాలేదండి" అన్నాను.

"రాత్రికి చల్లారితే అదే వస్తుంది. పొద్దున చూద్దాం" అన్నారు, చేతులు తుడుచుకుంటూ. "ఐదున్నరయింది. లేమ్మా, బస్సు పోతుంది."