భాయ్ దగ్గర పెండింగ్‌లో ఉన్న నా రవిక

అమీర్‌పేటలో మా పాత ఇంటి సందు మొదట్లో బట్టలు కుట్టే టైలర్ భాయ్ మొన్న శుక్రవారం పోయారు. కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతుండగానే గుండె ఆగిపోయిందట. కబురు చెప్పడానికి వచ్చిన మా కోడలు, నా సంగతి తెలిసి, బీపీ మాత్రా మంచినీళ్ళూ ముందే పట్టుకొచ్చింది. మాత్ర మింగి నేను అడిగిన మొదటి మాట, "నా రవిక కుట్టారా?" అని.

ఆ రవిక సంగతి చెబితే మీకు నవ్వొస్తుందేమో. నాకు అన్నిటికీ బెంగే. గ్యాస్ కట్టేశానా, తలుపు గడియ పడిందా అని పదిసార్లు చూసుకుంటాను. మా ఆయన పోయాక ఇంకో బెంగ పట్టుకుంది. నేను పోయిన రోజున చేతికందిన రవిక ఏదో తొడిగి పంపించేస్తారేమోనని. అందుకని కొత్త చీర కొని బీరువాలో దాచుకున్నాను. దాని మీదకి నేరేడు రంగు గుడ్డ తీసుకెళ్ళి భాయ్‌కిచ్చి, ఎందుకో కూడా చెప్పాను.

"చేతులు జర లూజ్ పెట్టాల్నా అమ్మా?"

"పెట్టండి భాయ్. బిగుతైతే నాకు ఊపిరాడదు."

"గప్పుడు ఊపిరెందుకమ్మా?"

షాపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అయినా చేతులు వదులుగానే ఉండాలని మళ్ళీ చెప్పి వచ్చాను. ఆ రోజు నుంచీ అది పెండింగ్.

ఆ మాట నాకు ఆయన దగ్గరే అలవాటైంది. మా వైపు పని మిగిలిపోయింది అంటాం, ఎక్కువైతే పేరుకుపోయింది అంటాం. ఎలా అన్నా మనదే తప్పన్నట్టుంటుంది. భాయ్ "పెండింగ్ల ఉన్నది" అంటే మాత్రం, ఆ పనికో కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టుండేది. మోకాలి నొప్పికి డాక్టరు పెండింగ్, కారే రేకుకు తారు పెండింగ్, నెరిసిన గడ్డానికి రంగు పెండింగ్. మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సులు చదివే పిల్లలు బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయని మొహాలు వేలాడేసుకుని వస్తే, "అంటే తప్పిన సబ్జెక్టులే గదా? పెండింగ్ అను బేటా, జర ఫికర్ తగ్గుతది" అనేవారు. వాళ్ళ ఇంటర్వ్యూ ప్యాంటు మాత్రం ఒక్కనాడూ పెండింగ్‌లో పెట్టలేదు. మా ఆడవాళ్ళ రవికలన్నీ పక్కకి నెట్టేసి, ఆ పిల్లాడికి తన లుంగీ ఇచ్చి నిలబెట్టి, అప్పటికప్పుడు ప్యాంటు కురచ చేసి పంపేవారు.

మేము పంజాగుట్టకి ఇల్లు మారినా నేను వస్తూనే ఉన్నాను.

"ఏంటి భాయ్, ఇంకా కుట్టలేదా? ఈలోగా నాకేమన్నా అయితే?"

"గా పంజాగుట్ట రోడ్డు దాటొచ్చిండ్రు. ఇంకేమైతదమ్మా మీకు?"

ఒకసారి నిజంగానే కోపమొచ్చి, "నా గుడ్డ నాకిచ్చేయండి, ఇంకొకరికిస్తాను" అన్నాను. భాయ్ కత్తెర కింద పెట్టారు.

"పని అయిపోతే నా కాడికి ఎవలొస్తరమ్మా? పెండింగ్ ఉంటేనే వస్తరు, తిడ్తరు, చాయ్ తాగి పోతరు. మీ రవిక గట్లనే ఉండనియ్యుండ్రి. అదున్నన్ని దినాలు మీకేం గాదు."

ఆ రోజు ఇంటికొచ్చి గ్యాస్ కట్టేశానో లేదో ఒక్కసారే చూసుకున్నాను.

నిన్న పరామర్శకి వెళ్ళాను. ఆయన పక్కనే కూర్చుని కుట్టుపని నేర్చుకున్న కూతురు షాపు తెరిచి, ఎవరి బట్టలు వాళ్ళకి తిరిగి ఇచ్చేస్తోంది. నా గుడ్డ నా చేతిలో పెట్టింది.

"మా అబ్బా దీనికి కత్తెర సుత పెట్టలేదమ్మా. నేను కుట్టాల్నా? రేపే ఇస్త."

రేపే అనగానే నాకు మళ్ళీ బెంగ పట్టుకుంది. మడత విప్పాను. చేతుల దగ్గర ఆయన గీసిన సుద్ద గీత సగం చెరిగిపోయినా కనబడుతూనే ఉంది. వదులుగానే గీశారు.

మళ్ళీ మడత పెట్టి ఆ అమ్మాయికే ఇచ్చేశాను. "తొందరేం లేదు తల్లీ. పెండింగ్‌లోనే ఉండనీ."

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని, నవ్వి, స్టూలెక్కి దాన్ని పై అరలో పెట్టింది. రోడ్డు మీద ఆటో కోసం నిలబడి వెనక్కి తిరిగి చూశాను. అరలన్నీ ఖాళీ. పైన ఒక మూల నేరేడు రంగు అంచు ఒక్కటే ఫ్యాను గాలికి కదులుతోంది.