కాయినోళ్ల కవిత్వం, గంగాధర్ మాట

2023 వానాకాలంలో నా దగ్గరికొచ్చిన ఒక కేసు గురించి చెబుతాను. నేను స్పీచ్ థెరపిస్టును. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్ పక్క గది నాది. అక్కడ కాళ్లూ చేతులూ ఆడిస్తారు, ఇక్కడ నేను నాలుక ఆడిస్తాను. నత్తి ఉన్నవాళ్లు, మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లలు ఎక్కువగా వస్తారు. పెద్దవాళ్లలో అయితే పక్షవాతంతో మాట పోయినవాళ్లు.

గంగాధర్ అలా వచ్చినవాడే. బోధన్‌లో మోటారు వైండింగ్ షాపు. నలభై దాటిన మనిషి, నవ్వు మొహం. పంపు మోటారును నీళ్ల తొట్టిలో పెట్టి చూస్తూ చూస్తూనే ఒక పక్కకు ఒరిగిపోయాడట. జేబులోని ఫోను అదే తొట్టిలో పడింది. ప్రాణం దక్కింది, కాలు కొంచెం ఈడుస్తూ నడుస్తున్నాడు, కుడి చెయ్యి ఇంకా బరువే. మాట మాత్రం ఒక్కటే మిగిలింది: "గదే."

ఆకలైనా గదే, కోపమొచ్చినా గదే. పేరడిగితే గదే. దీన్ని మేము అఫేసియా అంటాం. ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, చెప్పాలనుకున్నది లోపల ఉంటుంది, నోటిదాకా రాదు. మతి పోయిందని చుట్టాలు అనుకుంటారు. పోదు. ఆ సంగతి ఇంటివాళ్లకు నమ్మకంగా చెప్పడమే మా పనిలో మొదటి సగం.

మొదటి రోజు అతనితో ముగ్గురొచ్చారు. భార్య వనజ, ఇంట్లోనే బ్లౌజులు కుట్టే మనిషి. అన్న భూమన్న, చందూర్‌లో వరి పండించే రైతు. ఇంకొకతను బోధన్‌లో మొబైల్ షాపు నడిపే స్నేహితుడు ఇర్ఫాన్. నేను కాగితాలు చూస్తుండగానే భూమన్న అందుకున్నాడు.

"మేడం, ముందుగాల పన్నెండు మాటలు చెప్పియ్యుండ్రి. మిగిలినయి మెల్లగ నేర్సుకుంటడు."

దేవుడి నామాలేమో అనుకున్నాను. "ఏం మాటలు?" అన్నాను.

"నాకేం ఎరుక? ఇంగిలీషు మాటలంట. గా ఇర్ఫాన్‌ను అడుగుండ్రి."

ఇర్ఫాన్ వివరంగా చెప్పాడు. గంగాధర్, ఇర్ఫాన్, ఇంకో ఇద్దరు కలిసి కొన్నేళ్లుగా క్రిప్టో కొంటున్నారు. అంటే కాగితం లేని, బ్యాంకు లేని డబ్బు. దాన్ని దాచుకునే చోటును వాలెట్ అంటారు. ఫోను పాడైతే ఆ వాలెట్‌ను మళ్లీ తెరవడానికి ఒక్కటే దారి, పన్నెండు మాటలు వరుస తప్పకుండా చెప్పడం. దాన్ని సీడ్ ఫ్రేజ్ అంటారట. అవి తెలియకపోతే ఏ ఆఫీసుకు పోయి మొత్తుకున్నా లాభం లేదు. భూమన్న ట్రాక్టరు కోసం కూడబెట్టుకున్నది కూడా తమ్ముణ్ని నమ్మి అందులోనే పెట్టించాడు.

"ఇంట్లో ఎవరికైనా చెప్పాడా?" అని అడిగాను.

"లేదు మేడం. మా గ్రూపుల దీని మీద పెద్ద లడాయి అయింది," అన్నాడు ఇర్ఫాన్. "ఇంటోళ్లకు చెప్పాల్నా వద్దా అని. ఎవ్వరికీ చెప్పొద్దని నేనన్న. గంగాధర్ అయితే దాని మీద కవిత్వమే రాసిండు."

ఆ గ్రూపు పేరు కాయినోళ్లు. పొద్దున ధరలు చూసుకోవడం, ధర పడితే ఒకరి మీద ఒకరు పద్యాలు కట్టుకోవడం, అదీ వాళ్ల సరదా. ఇర్ఫాన్ ఫోను తీసి చదివి వినిపించాడు.

*తాళంచెవి తలల ఉంది, తల నా మెడ మీద ఉంది*
*ఏదీ సూపు అన్నది మా వనజ, నూనె రాసి పోయింది*

గంగాధర్ ఒళ్లంతా ఊగేలా నవ్వాడు. "గదే, గదే!" అన్నాడు. వనజ తలొంచుకుని నవ్వింది. భూమన్న నవ్వలేదు.

"మాటలు మనం అడిగిన వరుసలో రావు భూమన్నా," అని చెప్పాను. "నీళ్లు కావాలని అడగడం వస్తే అదే పెద్ద పండుగ అనుకోవాలి. వారానికి మూడు రోజులు తీసుకురావాలి. తప్పించొద్దు."

"తప్పియ్య," అన్నాడు. మాట మీద నిలబడ్డాడు కూడా. చందూర్ నుంచి బోధన్ దాకా బైకు, అక్కడ తమ్ముణ్ని పట్టుకుని నిజామాబాద్ బస్సు. వానలో తడిసి వచ్చేవాడు, గోడ పక్కన కుర్చీలో కూర్చునేవాడు, సెషన్ అయిపోగానే "పన్నెండు మాటలు ఏమన్న కదిలినయా?" అని అడిగేవాడు. వనజ కుదిరినప్పుడల్లా వచ్చేది. ఆమె మాత్రం ఆ మాటల సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు.

మొదట్లో ఫలితం పెద్దగా లేదు. మాట పోయినవాళ్లకు పాట కొంత మిగులుతుంది. అందుకని ఎడమ చేతి మీద మెల్లగా తాళం వేస్తూ, రాగం తీస్తూ మాటలు చెప్పిస్తాం. వారాల పేర్లు, అంకెలు, ఇంట్లోవాళ్ల పేర్లు. గంగాధర్ నా వెంట రాగం చక్కగా తీసేవాడు, కానీ ఆ రాగంలో కూడా గదే అనే పాడేవాడు. ఇంటికి పోయాక కోపంతో పళ్లెం విసిరేస్తున్నాడని, షాపు దిక్కు చూడనంటున్నాడని వనజ చెప్పింది. ఈ దశలో చాలామంది చికిత్స మానేస్తారు. ఇతనూ మానేస్తాడేమోనని నాకు భయం పట్టుకుంది.

నాట్లు పడుతున్నాయని ఒకరోజు భూమన్న రాలేకపోయాడు. బదులుగా ఇర్ఫాన్ తీసుకొచ్చాడు. నేను తాళం వేస్తూ సోమవారం, మంగళవారం అంటుంటే అతనికి విసుగు పుట్టినట్టుంది.

"మేడం, ఏమనుకోవద్దు. వీడు బడిలనే గివి సదవలేదు. జర మా కవిత్వం ట్రై చేద్దాం."

"చదవండి," అన్నాను.

ఇర్ఫాన్ కుర్చీ దగ్గరికి జరుపుకుని, గంగాధర్ కళ్లలోకి చూస్తూ మొదలుపెట్టాడు.

*కాయిన్ కాయిన్ కాయిన్ అంటివి, కాయలెక్కడ కాసినయన్న*
*కొమ్మ లేదు రెమ్మ లేదు, కోసుడెట్ల...*

అక్కడ ఇర్ఫాన్‌కు దగ్గు తెర వచ్చింది. గ్లాసు కోసం వెతుక్కుంటున్నాడు.

"చెప్పవన్న," అన్నాడు గంగాధర్.

ఇర్ఫాన్ దగ్గు ఆగిపోయింది. గంగాధర్ తన నోటిని తానే చేత్తో తడిమి చూసుకున్నాడు. నేను మళ్లీ తాళం వేశాను. "కొమ్మ లేదు రెమ్మ లేదు, కోసుడెట్ల..."

"చెప్పవన్న! చెప్పవన్న!"

ఇర్ఫాన్ లేచి అతన్ని కావలించుకుని ఏడ్చాడు. నేను వనజకు ఫోన్ చేసి గంగాధర్ చెవి దగ్గర పెట్టాను. ఆ ఒక్క మాటే ఆమెకు నాలుగైదు సార్లు చెప్పాడు. ఆమె ఏమందో నాకు వినిపించలేదు, ఇతని మొహం మాత్రం చూశాను.

ఇందులో మాయ లేదు. ప్రాస కలిసే మాట, రోజూ ఆడి పాడిన మాట మెదడులో వేరే దారిన వస్తుంది. పెద్ద రోడ్డు తెగిపోతే పొలం గట్టు మీద నుంచి నడిచి వచ్చినట్టు. ఆ గట్టును తొక్కి తొక్కి బాట చేయడమే మా పని. ఆ రోజే కాయినోళ్ల గ్రూపుకు మందుల చీటీ రాసినట్టు రాసి పంపాను: రోజూ పొద్దున ఒక్కొక్కరు ఒక పద్యం గొంతుతో చదివి పంపాలి, చివరి మాట చెప్పకుండా ఆపాలి. ఆ మాట గంగాధర్ పూరించాలి.

ఇక పద్యాలు కుప్పలుగా వచ్చాయి. ధర లేచినా పద్యమే, పడినా పద్యమే. చివరి మాట పోయి చివరి రెండు మాటలు, తర్వాత సగం పాదం. కొన్నిసార్లు గంగాధర్ వాళ్లు అనుకున్న మాట వదిలేసి తనకు నచ్చింది పెట్టి గ్రూపంతా నవ్వించేవాడు. అది చూసి నాకు ఎక్కువ సంతోషమైంది. అప్పగించిన మాట చెప్పడం వేరు, సొంత మాట ఎన్నుకోవడం వేరు.

భూమన్నకు ఇదంతా నచ్చలేదు. "పద్యాలు కట్టుడు తర్వాత గానీ, పన్నెండు మాటలు ఏడున్నయి మేడం?" అనేవాడు. అయినా బస్సులో తమ్ముడి పక్కన కూర్చుని ఆ పద్యాలు వినీ వినీ ఆయనకూ అలవాటైంది. ఒకరోజు గదిలోకి వస్తూనే గట్టిగా చెప్పాడు.

"మేడం, ఇయ్యాల కండక్టరుకు టికెట్ ఎవరు అడిగిండ్రు? మా తమ్ముడు! రెండు నిజామాబాద్ అన్నడు. బస్సుల అందరికి ఇనబడ్డది!"

ఆ రోజు ఆయన పన్నెండు మాటల గురించి అడగడం మరిచిపోయాడు.

చలి మొదలైన రోజుల్లో ఒక సెషన్‌కు నలుగురూ వచ్చారు. అప్పటికి గంగాధర్ రెండు మూడు మాటలు కలిపి చెబుతున్నాడు. భూమన్న ఇక ఆగలేక కుర్చీ తమ్ముడి ఎదురుగా వేసుకున్నాడు.

"తమ్మీ, ఒక్కటన్న యాదికున్నదా? మొదటి మాట చెప్పు సాలు."

గంగాధర్ చాలాసేపు అన్న మొహంలోకి చూశాడు. ఎడమ చేత్తో తొడ మీద తాళం వేసుకున్నాడు. పెదవులు రెండు మూడు సార్లు తప్పుగా కలిశాయి. సాయం చేయబోతున్న ఇర్ఫాన్‌ను నేను చెయ్యి ఎత్తి ఆపాను.

"వనజకు... తెల్సు," అన్నాడు.

అందరం ఆమె వైపు తిరిగాం. వనజ చీర కొంగు సర్దుకుని నిలబడింది. "అవును బావా. నాకు తెల్సు. వాలెట్ తెరిచిన నాడే నాతోని వల్లె వేయించిండు. తాను చెప్పుమన్న నాడే వేరేటోళ్లకు చెప్పాలె అన్నడు."

భూమన్న మొహం ఎర్రబడింది. "గిన్ని నెలలు నా పాట్లు సూసుకుంట కూసున్నవా? నన్ను నమ్మలేదా?"

"దవఖానలనే మీ తమ్ముణ్ని అడిగిన, బావకు చెప్పాల్నా అని. తల అడ్డం ఊపిండు." ఆమె అంతటితో ఆగలేదు. "ఇంకొక్కటి కూడా ఉంది. మీరు నిజం చెప్పుండ్రి. మొదటి రోజే నేను ఆ మాటలు చెప్పేస్తే, గింత వానల, పొలం పని ఇడిచిపెట్టి, ఈయన్ని వారానికి మూడు సార్లు తోలుకొస్తుంటిరా?"

భూమన్న చేతిలోని తువ్వాల మడత పెట్టాడు, విప్పాడు.

"రాకపోదును," అన్నాడు చివరికి, మెల్లగా. "నెలకొకసారి వస్తుంటి గావచ్చు."

అంత నిజాయితీగా తన గురించి తాను ఒప్పుకున్న మనిషిని నా గదిలో అంతకుముందు చూడలేదు. గంగాధర్ మంచి చెయ్యి చాపి అన్న మోకాలి మీద పెట్టాడు. తర్వాత భార్య వైపు తిరిగి, "చెప్పు," అన్నాడు. ఒక్క మాట, స్పష్టంగా, తాళం లేకుండా.

ఇర్ఫాన్ లేచి నా వైపు చూశాడు. "పదండి మేడం, మనం బయట నిలబడుదాం. ఇది ఇంటోళ్ల ముచ్చట." నా గదిలోంచి నన్నే బయటికి నడిపించాడు. కాసేపటికి లోపలి నుంచి భూమన్న నవ్వు వినబడింది. కొత్త ఫోనులో వాలెట్ తెరుచుకుంది. పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ట్రాక్టరు ఆ యాసంగి పంటకే చందూర్ చేరింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. స్ట్రోక్ వచ్చిన తొలిరోజుల్లో పేషెంట్లు అవునన్నా కాదన్నా మేము గట్టిగా నమ్మం. అవును అనుకుంటూ తల అడ్డంగా ఊపేవాళ్లు ఉంటారు. "దవఖానలో నిజంగానే వద్దన్నావా?" అని గంగాధర్‌ను తర్వాత అడిగాను. పగలబడి నవ్వి, "యాదికి లేదు!" అన్నాడు. భర్త చెప్పిన ఆఖరి మాట అనుకుని వనజ ఆ తల ఊపునే పట్టుకుని అన్ని నెలలు నిలబడింది.

డబ్బు చేతికొచ్చింది కదా, భూమన్న ఇక రాడనుకున్నాను. తర్వాతి సోమవారం అందరికంటే ముందు ఆయనే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎండాకాలం దాకా ఒక్క రోజు తప్పించలేదు. చికిత్స ఆపేసే రోజున కాయినోళ్లు నలుగురూ నా గదికి వచ్చారు. కుర్చీలు చాలక ఇద్దరు నిలబడ్డారు. గంగాధర్ తాను కట్టిన పద్యం నిలబడి చెప్పాడు. రెండు చోట్ల తడబడ్డాడు, రెండు చోట్లా తానే దిద్దుకున్నాడు.

*మాట ధర పడిపోయింది, మార్కెట్టంత నవ్వింది*
*అన్న మోసుకొచ్చిండు, వనజ పట్టుకోని కూసుంది*
*అమ్ముకోలేదు ఎవ్వరూ, అందుకే మల్ల లేసింది!*

ఆ గదిలో లేచిన కేకలకు పక్కన ఫిజియోథెరపీ చేయించుకుంటున్నవాళ్లంతా తలుపు దగ్గరికి వచ్చారు. వనజ అందరికీ మిఠాయి పంచింది. గంగాధర్ ఇప్పుడు షాపు తెరుస్తున్నాడు, బేరమాడుతున్నాడు, గ్రూపులో పోట్లాడుతున్నాడు కూడా.

ఈ కేసు తర్వాత నా పని పద్ధతిలో ఒకటి మార్చుకున్నాను. కొత్తగా ఎవరైనా వస్తే, ఈయన ఏం పని చేసేవాడు అని అడిగేముందు, ఎవరిని ఆటపట్టించేవాడు అని అడుగుతాను. ఆ మనిషిని పిలిపిస్తాను. అవసరం కోసం ఎంత గుంజినా కదలని మాట, నవ్వించేవాళ్ల ముందు తనంతట తాను బయటికి వస్తుందని గంగాధర్ దగ్గర చూశాను. ఏదో ఆశించి వచ్చిన మనిషిని తక్కువ చేసి చూడకూడదని కూడా అక్కడే తెలుసుకున్నాను. రావడం ముఖ్యం. వచ్చి కూర్చుంటే మనసు అదే సర్దుకుంటుంది.

మొన్న భూమన్న మళ్లీ వచ్చాడు, ఈసారి తమ్ముడు లేకుండా. పక్కన చందూర్‌లోని పొరుగింటి రైతు, మాట పోయి కొద్ది రోజులే అయింది. చుట్టరికం కూడా లేదు. బైకు మీద ఆయన్ను బోధన్ దాకా, అక్కణ్నుంచి బస్సులో ఇక్కడిదాకా తెచ్చాడు. నేను కాగితాలు చూస్తుంటే భూమన్న ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని, ఎడమ చెయ్యి పట్టుకుని తాళం మొదలుపెట్టేశాడు.

"మేడం, మీ పని మీరు కానియ్యుండ్రి," అన్నాడు నా వైపు చూడకుండానే. "ఈయనకు నేనొక పద్యం కట్టుకొచ్చిన."