తీసేసిన మెమరీని తట్టిందెవరు?

ఇన్నాళ్ళూ నా మాట ఎవరూ పట్టించుకోలేదు. వర్చువల్ మిషన్లు నడిపే సాఫ్ట్‌వేర్ తయారీదార్లకు ఎన్నోసార్లు రాశాను. ఒకే ఒక్కసారి "రీస్టార్ట్ చేసి చూడండి" అన్నారు. అది నేను మర్చిపోను. దయ్యాలంటే మాత్రం నాకు నమ్మకం లేదు, ఇప్పటికీ లేదు.

మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకుంటాను. పలకలు ఏరి లారీలకెక్కించే పనంతా యేసోబు మామది. వరసకు మామ కాదు, నన్ను అల్లుడూ అనేవాడు, అంతే. పోయినేడు గుండెపోటుతో పోయినాడు. ఆ లెక్కలకు ఆయనే రాసుకున్న ప్రోగ్రాములున్న పాత కంప్యూటర్ పాడవుతుంటే, అందులో ఉన్నదంతా ఉన్నట్టే మా పెద్ద కంప్యూటర్ లోపల వర్చువల్ మిషన్‌గా పెట్టాను. అంటే కంప్యూటర్‌లో కంప్యూటర్. చోటు చాలక దాని మెమరీ సగం తీసేసి, ఇక ఇంతే ఉందని దానికి తెలిసేట్టు చేశాను.

అయినా రోజూ ఆగిపోయేది. మళ్ళీ నడిపిస్తే మళ్ళీ ఆగేది. మూడోసారి ఆగాక ఆ రోజుకిక కదిలేది కాదు. తనది కాని మెమరీని తాకితే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ ఆపేస్తుంది. ఎక్కడ తాకిందో చెప్పదు. "తప్పు అడ్రసు" అని ఊరుకుంటుంది. ఆ ఒక్క వివరం కోసమే నేను పోరాడింది.

"చచ్చినదానికి ఇంకా సెలైన్ పెడ్తుండావేందయ్యా? ఈ వారం చూసి తీసెయ్" అన్నాడు ఓనరు. తీసేస్తే మామ చేసిందంతా పోతుంది. ఫ్యాక్టరీలో ఆయన గుర్తు ఇంకేదీ లేదు.

అంతలో ఆ సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వచ్చింది. ఆగినప్పుడల్లా అడ్రసు చెబుతుంది. ఎవరు పోరితే వచ్చిందో ఎక్కడా రాయలేదు, సరే.

చూశాను. మొదటిసారి తాకింది, నేను తీసేసిన మెమరీ మొదట్లో. రెండోసారి చిట్టచివర. మూడోసారి సరిగ్గా నడుమ. మర్నాడూ అంతే. వేరే కంప్యూటర్‌లోకి మార్చినా అంతే.

మామ పలకను అట్లనే చూసేవాడు. వేలి కణుపుతో ఈ కొస తట్టి, ఆ కొస తట్టి, ఆమీద నడుమ. ఖంగుమంటే మంచిది, బొంగురుగా పలికితే పగులున్నట్టు. "మనిషిని గూడా ఇట్ల తట్టి చూడాల అల్లుడూ. నువ్వయితే యాడ తట్టినా ఫిర్యాదే మోగుతాది" అని నవ్వేవాడు.

ఆ ప్రోగ్రాములన్నీ వెతికాను. అట్లా తాకమని ఎక్కడా లేదు.

చివరికి తీసేసిన మెమరీ మొత్తం తిరిగిచ్చాను. మిగతా మిషన్లు నెమ్మదించి ఆఫీసంతా నన్ను తిట్టింది. మామ మిషన్ మాత్రం ఎక్కడా ఆగలేదు. ఓనరు కాసేపు నిలబడి చూసి, "ఉండనీలే" అని వెళ్ళిపోయినాడు.

తాకడం సాఫ్ట్‌వేర్ తప్పే కావచ్చు, ఒప్పుకుంటాను. ఈ కొస, ఆ కొస, నడుమ... ఈ వరస దానికెవరు నేర్పారు? నాకైతే అంతు చిక్కలేదు. ఆ రిపోర్టులన్నీ ఆ తయారీదార్లకే మళ్ళీ పంపాను. ఈసారి ఎవరైనా ఒక మనిషి పూర్తిగా చదివి, తన పేరు పెట్టి, నాకు జవాబు చెప్పాలి.