తాడు పట్టిన సూపర్‌వైజర్

గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లు పనిచేశాక, నలభై ఏడో ఏట నన్ను తీసేశారు. ఆ రోజు సూపర్‌వైజర్ అందరి ముందూ అన్న మాట నేను మరవలేదు: "ముసలోనివైనవ్ మల్లయ్యా, నిచ్చెన గూడ ఎక్కలేవ్. ఇంట్ల కూసో."

ఆ పంతంతోనే హత్నూరలో మా బామ్మర్ది దగ్గర చెట్లు కొట్టే పని నేర్చుకున్నాను.

మరుసటి ఏడు గాలివానకు ఆ ఫ్యాక్టరీలోనే పెద్ద వేపకొమ్మ విరిగి, బాయిలర్ షెడ్డు మీదికి వేలాడింది. క్రేను పోయే దారి లేదు. నాకే కబురొచ్చింది.

"నువ్వా?" అన్నాడు సూపర్‌వైజర్.

"నేనే సారూ. కింద తాడు మీరే పట్టాలె. పక్క చెట్టుకు రెండు సుట్లు సుట్టి, మెల్లగ ఇడువాలె" అన్నాను.

చెట్టెక్కి, తాడును పై కొమ్మ మీదుగా వేసి విరిగిన కొమ్మకు కట్టాను. సగం కోశాక కిందికి చూశాను. పట్టు జారుతుందని కాబోలు, ఆయన తాడును చేతికే చుట్టుకున్నాడు. అప్పటికే కొమ్మ పటపటమంటోంది. తెగితే ఆయన చేయి పోతుంది, షెడ్డూ పోతుంది, నా కొత్త పనీ అక్కడితో సరి.

"చేతికి కాదు సారూ, చెట్టుకు సుట్టుండ్రి, జల్దీ!" అని అరిచాను.

గబగబా విప్పి, చెట్టుకు చుట్టాడు. మరుక్షణమే కొమ్మ తెగింది. షెడ్డు రేకులకు జానెడు దూరంలో ఊగి, మెల్లగా నేలకు దిగింది.

చెమట తుడుచుకుంటూ, "మల్ల డ్యూటీల చేర్తవా మల్లయ్యా?" అని అడిగాడు.

"నిచ్చెన ఎక్కలేను గద సారూ" అన్నాను.

పన్నెండేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. నిచ్చెన మాత్రం ఇంతవరకు కొనలేదు.