పన్నెండున్నర మేస్త్రి

రేవులో పడవలకు లైట్లు, హారన్లు, అడుగున చేరిన నీళ్ళు తోడే పంపులు బిగించే ఎలక్ట్రీషియన్‌ని అందరూ పన్నెండున్నర మేస్త్రి అనేవారు. ఏ పడవెక్కినా ఆయన ముందు స్విచ్చులన్నీ ఆపించేవాడు. తర్వాత బ్యాటరీకి మీటరు ఆనించి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "పన్నెండున్నర వోల్టులు! కరెంటు నిక్షేపంలా ఉంది. మీ సామానే దండగ" అని తేల్చేసేవాడు. అన్నీ ఆపేసి కొలిస్తే ఏ కరెంటైనా నిక్షేపంలాగే ఉంటుందని ఆయనకు చెప్పే మొనగాడు ఆ రేవులో ఇంకా పుట్టలేదు.

ఆ తీర్పులకు అందరికంటే ఎక్కువగా బలైంది సొంత బావమరిది. అతని ప్రయాణికుల పడవలో దీపం మిణుకుమిణుకుమనేది, హారన్ జలుబు చేసినట్టు మూలిగేది, పంపు నీళ్ళు తోడమంటే ఉమ్మేది. మేస్త్రి దీపం మార్చాడు, హారన్ మార్చాడు, పంపయితే మూడుసార్లు మార్చాడు. కొత్తవీ అదే వరస. "ఈ రోజుల్లో సరుకే అంత" అని కంపెనీలను తిట్టిపోసి చేతులు దులుపుకున్నాడు మహానుభావుడు.

ఒకరోజు ఆ పడవ పర్మిట్ తనిఖీకి ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. పంపు సరిగా తోడకపోతే పడవ కదలడానికి వీల్లేదు. పడవ ఆగితే బావమరిది ఇంట్లో పొయ్యి కూడా ఆగినట్టే.

మేస్త్రి దర్జాగా మీటరు తీశాడు. "స్విచ్చులన్నీ ఆపరా!"

"ఎందుకండీ ఆపడం? పంపు తిరుగుతుండగా చూడండి" అందావిడ.

బ్యాటరీ దగ్గర పన్నెండు. పంపు దగ్గర ఎనిమిది.

"దారిలో నాలుగు పోతున్నాయి. తీగలో ఏదో అతుకు తుప్పు పట్టుంటుంది. అరగంటలో సరిచేస్తే సరే, లేకపోతే నేనేం చేయలేను" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

దీపానికీ హారన్‌కీ పంపుకీ కరెంటు తెచ్చే ఆ ఒక్క తీగ పడవ పొడుగునా చెక్కల కింద పోయింది. అన్నీ ఊడదీస్తే సాయంత్రమవుతుంది. బావమరిది తల పట్టుకుని కూలబడ్డాడు. మేస్త్రికి మాత్రం ఆ అతుకు గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ళ కిందట తీగ జానెడు తక్కువైతే, ఎవడు చూడొచ్చాడులే అని రెండు ముక్కలూ చేత్తో మెలిపెట్టి, టేపు చుట్టి చెక్క కిందికి తోసింది ఆయనే. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, బావమరిది రోడ్డున పడతాడు.

"ఏ చేతకాని వెధవో అతుకేసి చచ్చుంటాడు" అని గొణుక్కుంటూ, అటూ ఇటూ చూడకుండా నాలుగో చెక్క దగ్గరికెళ్ళి పైకి లేపాడు. కింద పచ్చగా తుప్పెక్కిన ముడి!

"బావా, ఆ వెధవ సరిగ్గా ఇక్కడే వేశాడని మీకెలా తెలిసింది?"

మేస్త్రి ముడి కోసి, రాగి తళతళలాడేదాకా గీకి, ఈసారి గట్టిగా బిగించాడు. పంపు వేయగానే నీళ్ళు ఎగిరి అవతల పడ్డాయి. ఇన్‌స్పెక్టరమ్మ సంతకం పెట్టి వెళ్ళిపోయింది.

బావమరిది కాగితం పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. "చెప్పండి బావా."

"నేనేరా" అన్నాడు మేస్త్రి, తలెత్తకుండా.

"సరే. బావగా రోజూ రండి, నెత్తిన పెట్టుకుంటాను. మేస్త్రిగా మాత్రం ఇంకెప్పుడూ నా పడవెక్కకండి."