అందరికీ ఒకటే మాత్ర

పోయిన వారం మూత్రంలో మంట, జ్వరం వస్తే బందరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మా అమ్మాయి వయసుంటుందేమో, సిప్రోఫ్లాక్సాసిన్ రాసే ముందు నా వయసు అడిగింది, కిడ్నీల పరీక్ష చేయించి ఆ కాగితం చూసి మోతాదు తగ్గించింది, ఆయాసానికి స్టెరాయిడు మాత్రలేమైనా వాడుతున్నారా అని రెండుసార్లు అడిగింది, మడమ దగ్గర నొప్పి అనిపిస్తే ఆ పూటే మాత్ర ఆపేసి రమ్మంది. సంతోషించాల్సిన మాటే. నాకు మాత్రం ఒళ్లు మండింది, ఆమె మీద కాదు, పాతికేళ్ల కిందటి మా బావ మీద.

మా అక్క భర్త అవనిగడ్డలో మందుల కొట్టు నడిపేవాడు. ఫార్మసీ చదివినవాణ్ణి నేను, కాబట్టి గోడమీద అద్దాల ఫ్రేములో వేలాడే సర్టిఫికెట్టు నాది, కౌంటరు దగ్గర పెత్తనం ఆయనది. తొంభైల చివర్లో సిప్రో మాత్ర మన ఊళ్లలో ఎలా అమ్ముడుపోయేదో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. విరేచనాలకీ అదే, దగ్గుకీ అదే, రొయ్యల చెరువులో కాలు కోసుకున్నవాడికీ అదే. నాగాయలంక నుంచి బస్సు దిగి వచ్చిన తల్లి చంకలో బిడ్డను చూపిస్తే, బరువెంతో కూడా అడక్కుండా, పెద్దవాళ్ల మాత్రను బ్లేడుతో సగం కోసి తేనెలో రంగరించి పట్టమనేవాడు. ఎదిగే పిల్లల కీళ్లకు మంచిది కాదని, డాక్టరు తప్పదనుకుని బరువు లెక్కకట్టి రాస్తే తప్ప ఇవ్వకూడదని నేనంటే, వచ్చినవాళ్లందరి ముందూ నవ్వేవాడు. ఆ నవ్వంటే నాకు ఇప్పటికీ అసహ్యమే.

ఒక ఎండాకాలం బావ వాళ్లమ్మకు జ్వరం వచ్చింది. నేను అత్తయ్యా అని పిలిచే ఆవిడకు డెబ్బై దాటాయి, ఉబ్బసానికి ఏళ్ల తరబడి స్టెరాయిడు మాత్రలు మింగుతోంది. డాక్టరుకు చూపించకుండానే బావ అయిదువందల మిల్లీగ్రాముల మాత్రలు, రోజుకు రెండు చొప్పున పది రోజులకు ఇచ్చేశాడు. పెట్టెలో మడిచి పెట్టే కాగితం విప్పి, స్టెరాయిడ్లు వాడే ముసలివాళ్లకు మడమ వెనక తాడులా ఉండే నరం తెగే ప్రమాదం ఉందని చదివి వినిపించాను.

"మా అమ్మకి ఏ మందు ఎంతివ్వాలో నువ్వు చెప్తావట్రా?" అన్నాడు.

నేను కాగితం మళ్లీ మడిచి పెట్టెలో పెట్టేశాను. ఆరో రోజు మడమ లాగుతోందని ఆవిడ అంటే మాత్ర ఆపమని మళ్లీ చెప్పాను. ఆయన నొప్పుల ఆయింట్‌మెంటు ఇచ్చి పంపాడు. ఎనిమిదో రోజు పొద్దున పెరట్లో బట్టలు ఆరేసి మెట్టెక్కబోతూ ఆవిడ కూలబడిపోయింది. ఎవరో వెనకనుంచి కర్రతో కొట్టారనుకుని తిరిగి చూసిందట. విజయవాడలో ఎముకల డాక్టరు నరం తెగిపోయిందన్నాడు. కట్టు విప్పాక కూడా గోడ పట్టుకోకుండా ఆవిడ నడవలేకపోయింది. బావేమో తప్పంతా మెట్టుదేనన్నాడు.

ఆ మాట విన్న మర్నాడే, కొట్టు తెరవగానే స్టూలెక్కి నా ఫ్రేము దించేశాను. అది లేకపోతే కొట్టు మూయాల్సిందేనని ఇద్దరికీ తెలుసు. ఆయన నా చొక్కా పట్టుకున్నాడు, నేను విదిలించుకుని బస్సెక్కి గుడివాడ వెళ్లిపోయి, అక్కడ ఒక ఆసుపత్రి మందుల కౌంటర్లో చేరాను. రెండు నెలల తర్వాత ఆయన ఇంకెవరి సర్టిఫికెట్టో తెచ్చి కొట్టు తెరిచాడు. తన సంసారాన్ని రోడ్డు మీద పడేశానని మా అక్క నాతో మాట్లాడటం మానేసింది, ఈ రోజుకీ మాట్లాడదు.

దసరాకు ఒకసారి, బావ ఇంట్లో లేని వేళ చూసుకుని, అత్తయ్యను చూడ్డానికి వెళ్లాను. మంచి పని చేశావంటుందనుకున్నాను. ఆవిడ నా మొహం కూడా చూడలేదు.

"ఆ పనేదో నాకు మందిచ్చిన రోజునే చేసుంటే నేను నడిచేదాన్ని కదా అబ్బాయ్" అంది.

బావ పోయి ఆరేళ్లయింది, చూడ్డానికి వెళ్లలేదు. ఇప్పటి డాక్టర్లు అడుగుతున్నారు, మనం జవాబు చెబుతున్నాం. మన రోజుల్లో తెలిసినవాళ్లు లేక కాదు, తెలిసి కూడా బంధుత్వానికి మొహమాటపడి నోరు మూసుకున్నాం. ఆయన్ను నేను క్షమించలేదు. ఆ ఎనిమిది రోజులూ అదే కౌంటరు వెనక నిలబడి ఉన్న నన్ను కూడా.